దేశాటనము: కంబోడియాలో ఎనిమిది దినములు



గుంటూరునుండి యొక సోదరి వ్రాసిన లేఖ కొన్నాళ్లుగా నా యెదుట నున్నది. ఆమె భర్త ఉద్యోగమునుండి విరమించి యేడాది గడచినది. బిడ్డ లిద్దఱును విదేశములలో నున్నారు. "రెండుమారులు అమెరికాకు బోయి వచ్చితిమి. రెండుమారులును నేను చూచినది మా అమ్మాయి వంటయిల్లే. ఈసారి అందఱము కలిసి యెక్కడికైనను పోవుదమని పిల్లలు పిలుచుచున్నారు. నా మోకాళ్లు మునుపటివలె లేవు. మిక్కిలి దూరము కానిదియు, చూచినది చూచినట్లు నాకు బోధపడునదియు నగు దేశ మొకటి చెప్పుడు" అని యామె కోరినది.

ఇందు రెండు సంగతు లున్నవి. మొదటిది వంటయింటి సంగతి. పింఛను పుచ్చుకొను దంపతులు విదేశమునకు బోవుట యనగా మన యిండ్లలో నేటికిని చాలవఱకు కూతురికో కోడలికో పురుడు పోయుటకు బోవుటయే. ఆఱు మాసము లుందురు. అందు నయాగరా జలపాతమున కొక దినము, వాషింగ్టను నగరమునకు రెండు దినములు, తక్కిన దినము లన్నియు పప్పు రుబ్బుటకును పసివాని నెత్తుకొనుటకును సరిపోవును. మనుమని నెత్తుకొనుట సుఖము కాదని నే ననను. కాని దానిని విహారయాత్ర యని పిలువరాదు. భార్యయు భర్తయు నొకే విమానమున బోయి యొకే యింట దిగుదురు. ఆయనకు విశ్రాంతి, ఆమెకు బదిలీ.

రెండవది బోధపడుట. పారిసు నగరమున ఇనుప గోపురము క్రింద నిలువబడి ఛాయాచిత్రము తీయించుకొని వచ్చినవారిని నే నెఱుగుదును. ఏమి చూచితిరని యడిగిన, చాల ఎత్తుగా నున్నదందురు. అది వారి తప్పు కాదు. తెలియని కథను బొమ్మలలో చూచుట కష్టము. అందువలననే ఆ సోదరికి నేను కంబోడియా పేరు చెప్పుచున్నాను. అక్కడి రాళ్లపై నున్నవి మన కథలు. భీష్ముని అంపశయ్యయు, వాలిసుగ్రీవుల పోరును, క్షీరసాగర మథనమును గుర్తించుటకు మనకు మార్గదర్శి యక్కఱలేదు. చిన్ననాట హరికథలు విన్న అమ్మమ్మ లెవరైనను మనుమలకు తామే చెప్పగలరు.

మేము గత జనవరి మాసమున బోయితిమి. మా అబ్బాయి కుటుంబము సింగపూరున నున్నది. మేము హైదరాబాదునుండి అక్కడికి బోయి, అందఱము కలిసి సియంరీపు పట్టణమున దిగితిమి. డిసెంబరునుండి ఫిబ్రవరివఱకు అక్కడ వానలుండవు. ఎండయు సహింపదగినదిగా నుండును. మార్చి, ఏప్రిలు మాసములలో మన బెజవాడ ఎండలకు తీసిపోని యెండలు. మేమాసమునుండి వానలు. సియంరీపులో 2023వ సంవత్సరమున క్రొత్త విమానాశ్రయము తెఱచిరి. అది పట్టణమునకు దూరముగా నుండుటచే, అక్కడినుండి బసకు జేరుటకు గంటసే పగునని ముందే యెఱిగియుండుట మంచిది.

మా అబ్బాయి వ్రాసికొని వచ్చిన కార్యక్రమము చూడగా నాకు నవ్వు వచ్చెను. ఉదయ మైదు గంటలకు సూర్యోదయము, తర్వాత దినమునకు నాలుగేసి ఆలయములు. మావారికి అఱువదియేడేండ్లు, నాకు అఱువదిమూడు, పెద్ద మనుమనికి తొమ్మిది, చిన్నదానికి ఆఱు. ఆ కాగితము ఎవరికొఱకు వ్రాసినదో నాకు తెలియలేదు. ఉదయ మొక ఆలయము, మధ్యాహ్నము నిద్ర, సాయంకాలము మఱియొకటి యని తీర్మానము చేసితిమి. అట్లు నెమ్మదిగా చూచుటకు అక్కడి టికెట్టు పద్ధతియు అనుకూలముగానే యున్నది. ఒక దినమునకు 37, మూడు దినములకు 62, ఏడు దినములకు 72 అమెరికా డాలర్లు. మూడు దినముల టికెట్టును వరుసగా వాడనక్కఱలేదు. పదిదినముల లోపల ఏ మూడు దినములైనను చాలును. ఒకదినము చూచి ఒకదినము కాళ్లు చాపుకొనవచ్చును. పండ్రెండేండ్ల లోపు పిల్లలకు టికెట్టు లేదు గాని, వారి పాస్‌పోర్టు చూపవలెను.

అంగ్‌కోరు వాటు ఆలయమును రెండవ సూర్యవర్మ యను రాజు పండ్రెండవ శతాబ్ది పూర్వార్ధమున విష్ణువునకు గట్టించెను. చుట్టును సుమారు 190 మీటర్ల వెడల్పున అగడ్త; నడుమ గోపుర మెత్తు 65 మీటర్లు. మన ఆలయములవలె తూర్పు మొగము గాక యిది పడమటి మొగముగా నున్నది. అందుచేత సాయంకాలపు వెలుగు ముఖద్వారముపై బడును. జను లందఱును చీకటితో లేచి కొలనుగట్టున గుమిగూడుదురు. మేము మూడు గంటలకు బోయి ఆ వెలుగును సుఖముగా ననుభవించితిమి.

క్రింది ప్రాకారము పొడవునను గోడలపై చిత్రములు చెక్కియున్నారు. పడమట లోనికి బోయి కుడిప్రక్కకు దిరిగిన కురుక్షేత్రము. ఇక్కడ నొక విశేషము. ఆ చిత్రములను వరుసగా చూడవలెనన్న ఆలయమును ఎడమచేతివైపున నుంచుకొని నడువవలెను, అనగా అప్రదక్షిణము. నాకు మొదట కాళ్లు సాగలేదు. ఇది రాజుయొక్క సమాధిమందిరముగా గూడ ఉద్దేశింపబడినదని కొందఱు పండితుల యభిప్రాయము. పడమటి మొగమునకును ఈ అప్రదక్షిణ క్రమమునకును అదియే కారణమని వారు చెప్పుదురు. దక్షిణపు గోడపై 37 స్వర్గములును 32 నరకములును ఉన్నవి. మనుమడు నరకములను విడిచి రానని మొండికెత్తెను. తూర్పుగోడపై క్షీరసాగర మథనము సుమారు 49 మీటర్ల పొడవున నున్నది. వాసుకిని బట్టి లాగుచున్న ఆ దేవదానవుల వరుస ముందు మావారు మనుమలను గూర్చుండబెట్టి కథ యంతయు చెప్పిరి. ప్రక్కన నిలిచిన పరదేశస్థు లిద్దఱు తెలుగు ముక్క తెలియకున్నను కదలక విని నమస్కారము చేసి పోయిరి.

ఇక మూడవ అంతస్తు సంగతి. దానిని బకాన్ అందురు. మెట్లు మిక్కిలి నిటారు. పాతమెట్లమీద ఇప్పుడు చెక్కమెట్లును చేతికి బట్టుకొన కమ్మియు అమర్చిరి. జట్లు జట్లుగా పంపుదురు. భుజములును మోకాళ్లును కప్పుకొనని వారిని రానీయరు. చీరలు గట్టుకొన్న మాకు ఆ చిక్కు లేకపోయెను. బౌద్ధుల పర్వదినములలో మూసియుంచుదురు. పండ్రెండేండ్ల లోపు పిల్లలను ఎక్కనీయరు.

ఈ కడపటి నిబంధనము చదువగనే మా కోడలు, ఎవరును అడుగకమునుపే, చెట్టునీడను తువ్వాలు పఱచి, "మీరందఱు పోయి రండి అత్తయ్యా, నేను పిల్లలతో నుందును" అని కూర్చుండెను. మా అబ్బాయి అప్పటికే వరుసలో నిలువబడియుండెను. మూడు నెలలుగా అంగ్‌కోరు గుఱించి గ్రంథములు తెప్పించుకొని చదివినది ఆ పిల్ల. ఏ గోడపై ఏమున్నదో మాకు చెప్పుచు వచ్చినదియు ఆమెయే. అట్టిది క్రింద గూర్చున్నది; చదువనివాడు పైకి బోవుచున్నాడు. ఇందులో మా అబ్బాయికి దురుద్దేశ మేమియు లేదు. వానికి ఆ యాలోచనయే తోచలేదు. తోచకుండునట్లు మనమందఱము పెంచితిమి.

నేను నోరు విప్పులోపల మావారే, "అమ్మా, నా మోకాళ్లకు ఆ మెట్లు పనికిరావు. పిల్లలను నేను చూచెదను. నీవు మీ అత్తయ్యతో బొమ్ము" అనిరి. కోడలు సందేహించెను. చిన్నది ఏడ్చునేమో, పెద్దవానికి ఆకలి యగునేమో యని. "ఏడ్చిన ఏడ్చును. బిస్కత్తు లెక్కడ నున్నవో చెప్పి పొమ్ము" అని ఆయన తువ్వాలుపై చదికిలబడిరి. నలువదియేండ్ల కాపురములో ఆయన ఇద్దఱు పిల్లల నొక గంటసేపు ఒంటిగా కనిపెట్టియుండుట నేను చూడలేదు.

వరుసలో నలువది నిమిషములు నిలిచితిమి. కుచ్చెళ్లు పైకి దోపుకొని, కమ్మి పట్టుకొని, నే ముందును కోడలు వెనుకను ఎక్కితిమి. నడుమ ఒకచోట ఊపిరికై నిలిచితిని. ఆమె వెనుకనుండి వీపున చేయి యుంచెను. పైనుండి చూచిన నాలుగు దిక్కులను అడవి, అడవినడుమ అగడ్తనీరు, చాలదూరమున తాటిచెట్ల తలలు. ఆమె చాలసేపు మాటాడలేదు. అటుపై గోడలపై దేవతాస్త్రీల జడలను ఒక్కొక్కటిగా నాకు చూపెను. దిగివచ్చునప్పటికి పిల్లలు మట్టిగొట్టుకొని యుండిరి, సాయంకాలపు బిస్కత్తులును చెల్లిపోయినవి, మావారి కళ్లజోడు మనుమరాలి ముక్కున నుండెను. ఎవరును ఏడ్వలేదు.

కుటుంబముతో యాత్రకు బోయినప్పుడు క్రింద నెవరుండవలెనను ప్రశ్న ఏదో యొక రూపమున వచ్చుచునే యుండును. ఒక్కొక్కమారు ఒక్కొక్క రుండిన చాలును. అడుగకుండనే జవాబు సిద్ధముగా నుండుటయే నాకు కిట్టదు.

జడల సంగతి చెప్పెదను. ఆ ఆలయమున 1700కు పైగా దేవతాస్త్రీల విగ్రహము లున్నవి. కొప్పులు, కిరీటములు, చెవిపోగులు, వడ్డాణములు, చీరకొంగులు ఎన్నివిధములుగా నున్నవో చెప్పజాలను. వీనిని మొట్టమొదట ఓపికతో పరిశీలించి, బొమ్మలు వ్రాసి, వేషభూషలను వర్గీకరించి గ్రంథము ప్రకటించినది ఒక యువతి. సాఫో మార్షల్ అని పేరు. ఆమె తండ్రి అంగ్‌కోరు శిథిలముల సంరక్షకుడు. ఆ గ్రంథము 1927లో వెలువడినప్పుడు ఆమెకు ఇరువదిమూడేండ్లు. గొప్ప పండితులు శాసనములను రాజవంశములను వెదకుచుండగా, జడ యెట్లు అల్లిరో చూచుటకు ఒక యాడపిల్ల కావలసివచ్చెను.

బయోను ఆలయము మఱియొక తీరు. ఏడవ జయవర్మ యను బౌద్ధరాజు పండ్రెండవ శతాబ్ది చివరను కట్టింప నారంభించినది. గోపురముల నలుదిక్కులను చిఱునవ్వు నవ్వు మహాముఖములు. జనులు ఆ ముఖములను చూచి మరలుదురు. మీరు క్రిందిగోడను చూడుడు. అక్కడ సంత యున్నది, త్రాసుపట్టి చేపలు తూచు స్త్రీలున్నారు, కాగులో అన్నము వండువా రున్నారు, కోడిపందె మున్నది, ప్రసవించుచున్న స్త్రీయు, ఆమెను పట్టుకొన్న మంత్రసానియు నున్నారు. ఎనిమిదివందలయేండ్లనాటి యిల్లాండ్ర బ్రదుకు రాతిపై నున్నది. చైనానుండి 1296లో వచ్చి ఏడాదికి దగ్గఱగా నక్కడ నుండిన జౌ దాగ్వాన్ అను నతడు, ఆ దేశమున వర్తకమంతయు స్త్రీలదే యనియు, ప్రొద్దుటినుండి మధ్యాహ్నమువఱకు నేలపై చాపలు పఱచి అమ్ముదురనియు వ్రాసియున్నాడు. సియంరీపు సంతలో నేడును త్రాసుముందు గూర్చున్నవారిలో స్త్రీలే హెచ్చు.

ఆ జయవర్మ రాణి ఇంద్రాదేవి. చెల్లెలు జయరాజదేవి చనిపోయిన తర్వాత ఆమె రాణి యయ్యెను. చెల్లెలి చరిత్రను సంస్కృత శ్లోకములలో తానే రచించి శాసనము చెక్కించెను. బౌద్ధవిహారమున అధ్యాపకురాలుగా నుండి విద్య చెప్పెను. ఆ రాజు తన తల్లి పేర 1186లో ప్రతిష్ఠించిన తా ప్రోము ఆలయముపై మహావృక్షములు వేళ్లుదన్ని గోడలను కౌగిలించుకొని యున్నవి. అందలి శాసనము రాజ్యమున 102 వైద్యశాలలు గలవని చెప్పుచున్నది. ఆ ఆలయ పునరుద్ధరణమున మన భారత పురావస్తుశాఖవారును చాలకాలము పని చేసిరని మనవి.

బయోనునొద్దనే మూడవ దినము మావారికి తల తిరిగినది. ఎండలో నీరు చాలలేదు. వెంటనే యొక వైద్యశాలకు గొనిపోతిమి. ఏ మందులు వాడుచున్నారని వైద్యు డడిగెను. "ఉదయము తెల్లమాత్ర, రాత్రి గులాబిరంగు మాత్ర" అని ఆయన చెప్పిరి. ఆయన యావజ్జీవము లెక్కలు చూచిన యుద్యోగి. పైసకు పైస చెప్పగలరు. తన మాత్ర పేరు చెప్పలేరు. నా చేతిసంచిలో ఆయన మందుల పేర్లు, మోతాదులు, భీమా పత్రము సంఖ్యయు వ్రాసిన కాగిత ముండెను. ఒక సెలైను సీసా ఎక్కించి సాయంకాలమునకు పంపివేసిరి.

సోదరులకు గాదు, మీకు చెప్పుచున్నాను. భర్త సంచిలో ఇద్దఱి పాస్‌పోర్టులును, ఇద్దఱి డబ్బును, ఇద్దఱి టికెట్టులును ఉంచి చేతులూపుకొనుచు నడువకుడు. మీ పాస్‌పోర్టు మీయొద్ద నుండవలెను. అది తిరిగివచ్చు నాటికిని చెల్లునట్లు, ప్రయాణమునకు ఆఱుమాసములకు పైగా గడువు మిగిలియుండవలెను. వీసాను ఇంటినుండియే కంప్యూటరుపై కోరవచ్చును. ప్రభుత్వమువారి చోటునందే కోరుడు, నడుమ దళారులున్నారు. భీమా తీసికొనునప్పుడు మధుమేహము, రక్తపుపోటు ఉన్నవని దాచక చెప్పుడు. దాచినవారికి అక్కఱవేళ సొమ్ము రాదు. మందులను పెట్టెలో గాక చేతిసంచిలో వైద్యుని చీటితోగూడ నుంచుడు. కంబోడియాలో అమెరికా డాలర్లే చెల్లును. చిల్లర మాత్రము వారి నాణెమగు రియేలులలో నిత్తురు, ఒక డాలరునకు సుమారు నాలుగువేలు. చినిగిన నోటును, మరకపడిన నోటును పుచ్చుకొనరు.

బాంతియే స్రే ఆలయమున కొక పూట ప్రత్యేకముగా నుంచుడు. పట్టణమునకు ముప్పది కిలోమీటర్లకు పైబడి దూరము. 967లో ప్రతిష్ఠింపబడినది. రాజు కట్టినది కాదు. యజ్ఞవరాహుడను రాజగురువు కట్టించిన శివాలయము. ఎఱ్ఱని యిసుకరాయి. చెక్కడము మన కంసాలి పనివలె నుండును. రావణుడు కైలాసము నెత్తుట, మన్మథదహనము, ఖాండవదహనము, అన్నియు మూరెడు మూరెడు స్థలములో. ఆలయము చిన్నది, నేల చదును. మోకాళ్ల నొప్పులవా రొకటే చూడగలిగిన, దీనినే చూడుమందును.

ఆ దారిలో మాకు మన తీరాంధ్రము కనబడినది. ఇరుప్రక్కలను తాటిచెట్లు, వరిమళ్లు. తాటిచెట్టు ఆ దేశపు జాతీయవృక్షము. దారిప్రక్కన స్త్రీలు పెద్ద మూకుళ్లలో తాటినీరా కాచి బెల్లము చేయుచుందురు. ఒకచోట దిగితిమి. ఆమెకు నా యీడే యుండును. మా బండివాడు కొంచెము ఇంగ్లీషు తెలిసినవాడై నడుమ నిలువబడెను. నాకు పిల్ల లెందఱు, మనుమ లెందఱని యామె యడిగెను. చెప్పి, మీ తోబుట్టువు లెందఱని నే నడిగితిని. ఆఱు వ్రేళ్లు చూపెను. పిదప ఒక్కొక్కటిగా ముడిచెను. ఒక వ్రేలు మిగిలెను.

1975 ఏప్రిలునుండి 1979 జనవరివఱకు ఖ్మేర్ రూజ్ అను పక్షమువారి పాలనలో ఆ దేశమున 15 లక్షలకును 20 లక్షలకును నడుమ జనులు ఆకలిచేతను, రోగములచేతను, హత్యలచేతను చనిపోయిరి. పట్టణములు ఖాళీ చేయించిరి. బిడ్డలను తల్లులనుండి వేఱుచేసిరి. ఇంటింటి కుండలను లాగికొని, అందఱును సాముదాయిక భోజనశాలలో తినవలెననిరి. ఇంట పొయ్యి వెలిగించుట నేరమయ్యెను. అప్పటికి నేను మా యూరిలో బడికి బోవుచుంటిని. ఆమె ముడిచిన వ్రేళ్లను విప్పి గరిటె తీసికొని మరల కలియబెట్టెను, బెల్లము అడుగంటుచుండెను. రెండు పొట్లములు కొంటిమి. బేరమాడలేదు.

ఆ యుద్ధములలో పాతిన మందుపాతరలు నేటికిని పూర్తిగా తీయబడలేదు. బాటలు దప్పి పొలములలోనికి దిగరాదని యందుకే చెప్పుదురు. వానిని వాసనచే కనిపెట్టుటకు ఆఫ్రికాజాతి పందికొక్కువంటి పెద్దయెలుకలకు శిక్షణ నిచ్చిరి. మగావా యను నొక యెలుక నూటికి పైగా మందుపాతరలను, ప్రేలని గుండ్లను కనిపెట్టి 2020లో బంగారుపతకము పొంది 2022లో చనిపోయెను. అట్టి యెలుకలను చూపు కేంద్రము సియంరీపున నున్నది. మా పిల్లలకు విష్ణ్వాలయముకంటె అదియే గుర్తున్నదని ఒప్పుకొనక తప్పదు.

శాకాహారులకు ఒక మాట. అక్కడ చేపలేని వంట యరుదు. కూరగాయలలోగూడ చేపనుండి తీసిన రసమును, ప్రహోక్ అను ఊరవేసిన చేపముద్దను కలుపుదురు. మాంసము వలదన్న మాత్రమున చాలదు. చేపయు చేపరసమును వలదని వేఱుగా చెప్పవలెను. అమోకు అను వంటకమును కొబ్బరిపాలు, నిమ్మగడ్డి చేర్చి అరటాకు దొన్నెలో ఆవిరిపై నుడికింతురు. చేపకు బదులు కూరగాయలతో చేయించుకొని తింటిమి, బాగుగానున్నది. భారతీయుల భోజనశాలలును ఉన్నవి. ఆవకాయ సీసా తీసికొని పోయితిని గాని, వంటయిల్లు లేని బసను మాత్రమే కుదుర్చవలెనని ముందే పట్టుపట్టితిని. ఎనిమిదిదినములు నేనును కోడలును గరిటె ముట్టలేదు.

వచ్చు నెల జావాద్వీపమునందలి ప్రాంబనాను ఆలయములను గూర్చి వ్రాసెదను. అక్కడి మెట్లును నిటారుగానే యుండును.